పాలు మానేస్తున్న చిన్నికి

చిన్నీ,

గుడ్లు ఎప్పుడో మానేసిన దానివి, ఇప్పుడు పాలు, పెరుగు కూడా మానేస్తున్నావట. మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. దూడల మీద జాలితో ఇంత గట్టి నిర్ణయం తీసుకున్నావంటే గర్వంగానే ఉంది. కానీ నాకు నిద్ర పట్టలేదు.

పప్పులు, సోయా, వేరుశనగలు నువ్వు చూసుకుంటావు. నా భయమంతా బీ12 విటమిన్ గురించే. అది మొక్కల్లో దొరకదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని ఎవరన్నా నమ్మకు. పాలు మానిన రోజు నుంచే మాత్ర మొదలుపెట్టు, మోతాదు డాక్టర్‌ని అడుగు.

ఇంకో మాట కూడా విన్నాను. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నావట! ఎవరు చెప్పారు నీకు? తిండిలో ఉన్న బీ12ని ముందు పొట్టలోని ఆమ్లం విడదీయాలి. తర్వాత పొట్టలోనే ఊరే ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా చేర్చాలి. అక్కడే అది ఒంటికి పడుతుంది. ఏళ్ల తరబడి ఆ గ్యాస్ మాత్రతో ఆమ్లాన్ని అణిచేస్తే తిండిలోని బీ12 ఒంటికి సరిగా పట్టకుండా పోవచ్చు.

నేను తొమ్మిదేళ్లు అణిచాను తల్లీ. డాక్టర్ రాసింది ఒక్క నెలకి. ఆ పాత చీటీనే షాపులో చూపిస్తూ కొనుక్కున్నాను. నాలుక ఎర్రగా నున్నబడి, చారు తగిలినా మండేది. పాదాల్లో తిమ్మిర్లు. వయసు అనుకున్నాను. నీరసానికి ఎవరినీ అడక్కుండా ఫోలిక్ యాసిడ్ వేసుకున్నాను. రక్తం పెరిగింది, సంతోషించాను. అక్కడే దెబ్బతిన్నాను. అది రక్తాన్ని సరిచేస్తుంది గానీ, బీ12 లేక నరాలు పాడవుతుంటే ఆపదు. మందుది తప్పు కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనతో చేతికొచ్చిన మందు అది. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతోనే పోయారు, ఆ జబ్బుకే అది పనికొచ్చింది. నా తప్పల్లా పరీక్ష చేయించకపోవడం.

ఒక సాయంత్రం మీ పెదనాన్నతో బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ దగ్గర నుంచి కాళీమాత గుడి దాకా నడిచాను. గుడి ముందు చెప్పులు విడవబోతే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. అరికాలి నిండా ఇసుక, మడమలో గాజుపెంకు, ఇసుకంతా రక్తంతో ముద్దయి ఉంది. నాకు కొంచెం కూడా నొప్పి తెలియలేదు. మీ పెదనాన్న మెట్ల మీద కూర్చోబెట్టి రుమాలు కడుతుంటే ఆయన చేతులు వణికాయి.

రక్తంలో బీ12 200 కంటే తక్కువుంటే లోపమంటారు. నాకు 110. ఇంజెక్షన్లతో నాలుక త్వరగానే బాగైంది. పాదాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నావి కాలేదు.

అందుకని పాలు మానేలోపే బీ12 పరీక్షకి రక్తం ఇచ్చి, ఆ తర్వాత మాత్రలు మొదలుపెట్టు. గ్యాస్ మాత్ర నీ అంతట నువ్వు ఆపెయ్యకు, ఎన్నాళ్లు వాడాలో అడుగు. డి విటమిన్ రాస్తే భోజనంతో వేసుకో, నూనె ఉంటేనే బాగా పడుతుంది. అన్నం తినగానే టీ వద్దు, ఐరన్ సరిగా పట్టదు.

కోప్పడ్డానని బాధపడకు. ఆదివారం రా, కొబ్బరిపాలతో పలావు చేస్తాను. ఈ రాత్రి మాత్రం కళ్లు మూసుకుని, మీ అమ్మని నీ కాలి బొటనవేలి మీద దూదితో రాయమను. తెలిసిందో లేదో నాకు వెంటనే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ,
పెదవాల్తేరు