టెక్ సందేహాలు: క్లాసులో పాత సినిమా

ప్రశ్న: ఇంటర్ విద్యార్థులకు ‘మాయాబజార్’ (1957) బ్లాక్ అండ్ వైట్ ప్రింటు చూపిస్తున్నాం. కాలేజీ స్మార్ట్ టీవీలో మొహాలు వెడల్పుగా సాగిపోతున్నాయి. జూమ్ పెడితే తలలు తెగుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: తప్పు సినిమాది కాదు, టీవీ సెట్టింగుది. ఆ కాలపు సినిమాలు దాదాపు 4:3 (వెడల్పు 4, ఎత్తు 3) చట్రంలో తీసినవి, మీ టీవీ తెర 16:9. తెర మొత్తం నింపాలని బొమ్మను అడ్డంగా లాగితే మనుషులు మూడోవంతు లావెక్కుతారు. జూమ్ చేస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కొలిచి పెట్టిన కిరీటాలు, కాళ్లు అలాగే మాయమవుతాయి. రెండువైపులా నల్లపట్టీలు ఉండాల్సిందే. 1920×1080 తెరపై బొమ్మకు 1440 పిక్సెళ్లు పోగా అటు 240, ఇటు 240 ఖాళీగా ఉంటాయి. అది లోపమని పిల్లలు అనుకోకుండా ముందే చెప్పండి.

టీవీలో పిక్చర్ సైజ్ లేదా యాస్పెక్ట్ రేషియోకు వెళ్లి ‘ఒరిజినల్’ గానీ, ‘4:3’ గానీ పెట్టండి. ఫైలునే సాగదీసి అప్‌లోడ్ చేసి ఉంటే ‘ఒరిజినల్’తో పని జరగదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరిచి 4:3 వచ్చేదాకా ‘ఎ’ (A) కీ నొక్కుతూ వెళ్లండి. సరిపోయిందో లేదో రథచక్రం చూస్తే తెలిసిపోతుంది: కోడిగుడ్డులా ఉంటే ఇంకా తప్పే. పైనా కిందా కోసేసిన ఫైలైతే వేరే ప్రింటు వెతుక్కోవడమే.

మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అంటారు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు ఇది మధ్యలో లేని ఫ్రేములు కల్పించి టీవీ సీరియల్‌లాంటి కదలిక తెస్తుంది. పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే నలుపు తెలుపులు నీలంగా మారతాయి. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. అప్పటికీ రంగు ఛాయ కనిపిస్తే కలర్‌ను సున్నాకు దించేయండి. ఇంత చేస్తేనే బార్ట్లే వెన్నెల వెన్నెలలా ఉంటుంది.

ప్రశ్న: ఘటోత్కచుడి విందు దృశ్యంలో ట్రిక్ షాట్లను ఆపి ఆపి వివరించడం ఎలా?

జవాబు: వీఎల్‌సీలో ‘ఇ’ (E) నొక్కిన ప్రతిసారీ ఒక ఫ్రేము ముందుకు జరుగుతుంది. ఇలా చూస్తే కోత ఎక్కడ పడిందో విద్యార్థులే పట్టుకుంటారు, మీరు ముందే చెప్పేయకండి. వీఎల్‌సీ 3లో ఒక్కో ఫ్రేము వెనక్కి వెళ్లే సౌకర్యం లేదు. అది కావాలంటే ఎంపీవీ ప్లేయర్ వాడండి, చుక్క కీ ముందుకు, కామా వెనక్కి. వీఎల్‌సీ వ్యూ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్’ టిక్ చేస్తే ఎ-బి బటన్ వస్తుంది. కావాల్సిన ముక్క మొదలుకు ఒకసారి, చివరకు ఒకసారి నొక్కితే ఆ ముక్కే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. విండోస్ వీఎల్‌సీలో షిఫ్ట్+ఎస్ నొక్కితే ఫ్రేము బొమ్మగా సేవ్ అవుతుంది.

కదిలే అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అది ఇంటర్‌లేసింగ్, అంటే ఒకే ఫ్రేములో రెండు క్షణాల గీతలు ఒకటి విడిచి ఒకటి ఉండటం. వీఎల్‌సీలో ‘డి’ కీ నొక్కండి. గీతలతో ఫ్రేములు ఆపి పాఠం చెబితే రెండు క్షణాలు కలిసిపోయి కనబడి పిల్లలు తికమకపడతారు.

ప్రశ్న: ఓటీటీ సినిమా ల్యాప్‌టాప్‌లో వస్తోంది, ప్రొజెక్టర్‌లో మాత్రం నల్లతెర.

జవాబు: మీది వీజీఏ కేబులైతే కారణం అదే. ఓటీటీలు కోరే హెచ్‌డీసీపీ (కాపీ కాకుండా అడ్డుకునే) రక్షణ వీజీఏ గుండా వెళ్లదు. మధ్యలో స్ప్లిట్టర్ లేకుండా నేరుగా హెచ్‌డీఎంఐ పెట్టి చూడండి. ప్రొజెక్టరే హెచ్‌డీసీపీ ఎరగని పాతదైతే డీవీడీ ప్లేయర్‌ను పసుపు పిన్ కేబుల్‌తో కలపండి.

అనుమతి సంగతి: విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, ఆ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవారికే చూపితే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. బయటివారిని పిలిస్తే అది వర్తించదు. ఓటీటీ ఖాతా షరతులు మాత్రం వేరు, అవి చదివాకే ప్లే నొక్కండి.