ఒక వెబ్ సర్వర్ ఎంత ట్రాఫిక్ మోయగలదో ఎలా లెక్కేయాలి?

ఒకేసారి పనిచేసే వర్కర్ల (సర్వర్లో రిక్వెస్టులు అందుకుని జవాబిచ్చే ప్రోగ్రాముల) సంఖ్యను ఒక రిక్వెస్టుకు పట్టే సగటు సెకన్లతో భాగిస్తే, సర్వర్ సెకనుకు గరిష్ఠంగా ఎన్ని రిక్వెస్టులు మోస్తుందో వస్తుంది. మామూలు వర్కర్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది; మిగతావి క్యూలో ఆగుతాయి.

భీమవరంలో రొయ్యల ధరలు చూపే యాప్ ఉందనుకోండి: 8 వర్కర్లు, రిక్వెస్టుకు 200 మిల్లీసెకన్లు. 8ని 0.2తో భాగిస్తే 40. కానీ నమ్ముకోవాల్సింది 28నే, అంటే 70 శాతం. 40కి దగ్గరయ్యేకొద్దీ క్యూ అమాంతం పెరిగి టైమవుట్లు (జవాబు రాకముందే గడువు దాటిపోవడం) మొదలవుతాయి. రేటు మారిందంటే రైతులంతా ఒక్కసారే తెరుస్తారు మరి.

ఒక్కొక్కరు 10 సెకన్లకోసారి నొక్కితే, 28 రిక్వెస్టులంటే 280 మంది. యాప్ తెరిచి ఉంచిన ప్రతివాళ్లనీ సెకనుకో రిక్వెస్టుగా లెక్కేయడమే ఎక్కువమంది పడే పొరపాటు. వర్కర్లను 16 చేస్తే 80 వస్తుందనుకోవడమూ అంతే: ఆ 200 మిల్లీసెకన్లలో ఎక్కువ భాగం డేటాబేస్ దగ్గరే పోతూ, అక్కడ కనెక్షన్లు 8 మాత్రమే ఉంటే, కొత్త వర్కర్లు వాటికోసం కాచుక్కూర్చుంటాయి.