చూడకుండా చెప్పిన మాట

ప్రశ్న: యుద్ధవిమాన పైలట్‌ని. రెండేళ్లుగా ఒకమ్మాయిని ప్రేమిస్తున్నాను. ఆమె పెళ్లి మాటెత్తినప్పుడల్లా డ్యూటీ అడ్డొస్తోంది. ఈమధ్య దూరపు స్థావరానికి నేనే అడిగి పేరిచ్చుకుని, ఆమెతో ఆర్డర్ వచ్చిందన్నాను. తెల్లవార్లూ ఫోన్లో గొడవే. కునుకు లేకుండానే విమానం ఎక్కాను. దిగేటప్పుడు 'త్రీ గ్రీన్స్' అని టవర్‌కి చెప్పేశాను, చక్రాలు దించనేలేదు. కిందనుంచి చూసినవాళ్లు అరవబట్టి మళ్లీ పైకి లేచాను. అడిగితే పరధ్యానం అన్నాను. ఉద్యోగమా, ఆమెనా? తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: ఆ రెండింటికీ పోటీ ఉన్నట్టు మీ ఉత్తరంలో చివరి ముక్క తప్ప ఇంకేదీ చెప్పడం లేదు.

మూడు చక్రాలూ దిగి లాక్ అయితేనే ఆ మూడు పచ్చదీపాలు వెలుగుతాయి. మీరు వాటివైపు చూడకుండానే అలవాటుగా మాట అనేశారు. 'ఆర్డర్ వచ్చింది' కూడా అలాగే నోటికొచ్చి ఉంటుంది. డ్యూటీ అంటే ఎవరూ ఎదురడగరు. 'పెళ్లంటే భయంగా ఉంది' అంటే మాత్రం ఆమె ఎందుకని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోడానికి మధ్యలో యూనిఫాం ఏం పాపం చేసింది?

ముందు విమానం సంగతి. ఎక్కేముందు తమని తాము చూసుకోడానికి పైలట్లకి 'ఐమ్‌సేఫ్' అని ఒక జాబితా ఉంది: జబ్బు, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, మనసు. ఆ పొద్దున మీరు కనీసం మూడింట్లో తప్పారు. ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉంటేనే మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. తాగి ఎక్కరు కదా మీరు! రాత్రి జరిగింది మీ పై అధికారికీ, స్క్వాడ్రన్ డాక్టరుకీ మీరే చెప్పండి. కొన్నాళ్లు ఎగరనివ్వకపోవచ్చు. ఆ భయంతోనే చాలామంది డాక్టరు దగ్గర నిద్రలేమినీ దిగులునీ దాచేస్తారు. మీరు దాచకండి.

ఇక ఆమె. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పండి: పేరిచ్చింది నేనే, నీకు అబద్ధం చెప్పాను, పెళ్లంటే భయం. దేశం ఊసు ఆ సంభాషణలోకి తేవద్దు. ఆమె కోపంతో లేచి వెళ్లిపోవచ్చు, వెనకాలే వెళ్లి బతిమాలకండి. తేదీ అడిగితే, లేని తేదీ చెప్పకండి.

కలిసే రోజుకి మర్నాడు మీకు ఫ్లయింగ్ లేకుండా చూసుకోండి.