బెంగళూరు క్రిస్టియన్ కాలేజీ కట్టుబాట్లు: మూడేళ్లకు దక్కేదేంటి?

"అమ్మాయికి బెంగళూరులో స్ట్రిక్ట్ క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ సీటొచ్చింది. మేం హిందువులం. మూడేళ్లు అక్కడ చదివిస్తే లాభమేనా?" అని ఒకరు అడిగారు. లాభమేనండి. అందులో ముప్పాతిక వంతు హాజరు పట్టీ వల్ల వచ్చేదే.

కాలేజీల్లో మామూలుగా 75 శాతం హాజరు అడుగుతారు, బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీలో 85. సెమిస్టర్‌కు 90 పనిరోజులనుకుంటే, 85 శాతం లెక్కన మానడానికి చేతిలో మిగిలేది 13 రోజులు. మన పిల్లలు దెబ్బతినేది సంక్రాంతికే. కర్ణాటకలో సెలవు ఒక్కరోజు, మనకేమో భోగి, సంక్రాంతి, కనుమ. ప్రయాణంతో కలిపి నాలుగు రోజులు పోతాయి. ఆ తర్వాత పది పదిహేను రోజుల జ్వరం తగిలితే హాల్ టికెట్ దగ్గర ఆగిపోతారు. మెడికల్ సర్టిఫికెట్‌కు కొంత మినహాయింపు ఇచ్చే చోట్లున్నాయి గానీ దాన్ని నమ్ముకోవద్దు. పోయిన క్లాసులు సబ్జెక్టువారీగా నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోమనండి.

ఈ లెక్కే పిల్లల్ని మారుస్తుంది. గడువుకు అసైన్‌మెంట్ ఇవ్వాలి, సెలవుకు ముందే ఇంగ్లీషులో నాలుగు వాక్యాల లెటర్ రాయాలి, క్లాసు ముందు నిలబడి సెమినార్ చెప్పాలి. తెలుగు మీడియం పిల్లలకు ఇంతకంటే మంచి ఇంగ్లీషు బడి లేదు.

మతం గురించి బెంగ వద్దు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీలో ఇష్టం లేకుండా ఎవరినీ ఆరాధనకు, మతబోధకు రమ్మనకూడదని రాజ్యాంగం 28(3)లోనే ఉంది. మైనరైతే పెద్దల సమ్మతి కావాలి. వాల్యూ ఎడ్యుకేషన్ (నైతిక విలువల) క్లాసు వేరు, దానికి హాజరు వేస్తారు, ఎగ్గొట్టనివ్వకండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూనే వేదాంతంలోని నీతి మీద వ్యాసం రాశారు, అది 1908లో అచ్చయింది.

హాస్టల్లో చిక్కంతా లోకల్ గార్డియన్‌తోనే, అంటే ఆ ఊళ్లో మన తరఫున పెద్దదిక్కుగా పేరిచ్చే మనిషితో. కాలేజీ హోసూర్ రోడ్డులో ఉంటే, ఊరికి ఆ చివర వైట్‌ఫీల్డ్‌లో ఉండే దూరపు బాబాయి పేరు రాసేస్తారు. సాయంత్రం ఏడింటికి "పాపకు జ్వరం, తీసుకెళ్లండి" అని వార్డెన్ ఫోన్ చేస్తే సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటి ఆయన ఎప్పటికి వస్తారు? అరగంటలో రాగలిగే మనిషిని అడిగి, ఒప్పించి, అప్పుడు పేరు రాయండి.

నష్టమూ ఉంది. ప్రతిదానికీ అనుమతి అడగడం అలవాటై, కొందరు చదువయ్యాక పేయింగ్ గెస్ట్ గది వెతుక్కోవడానికి కూడా తడబడతారు. రెండో ఏడాది నుంచి బ్యాంకు పనులు, రైలు టికెట్లు అమ్మాయికే వదిలేయండి.

ఫీజు కట్టేముందు స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తీసుకుని హాజరు, ఔట్‌పాస్ (హాస్టల్ దాటి బయటికెళ్లే అనుమతి), జరిమానా, ఫీజు వాపసు పేజీలు అమ్మాయితో కూర్చుని చదవండి. ఔట్‌పాస్ పేజీ చదివి తను మొహం ముడుచుకుంటే ఆ మాట అప్పుడే తేల్చుకోండి.