రేసు కోసం పుట్టిన పాత కారును మామూలు రోడ్డు మీద నడిపితే ఎలా ఉంటుంది?

మీరు రెండు విషయాలు అడిగారు. రేసుల్లో పేరు మోసిన పాత కార్లు కొన్నవాళ్లు వాటిని నిజంగా రోడ్డెక్కిస్తారా, షెడ్డులో దాచి ధర పెరిగేదాకా చూస్తారా అన్నది ఒకటి. నడిపితే ఆ రేసు సంగతి మనకేమైనా తెలుస్తుందా అన్నది రెండోది. రెండు రకాల యజమానులూ ఉన్నారు. నాకు దగ్గరగా తెలిసింది నడిపే రకం.

నేను మ్యూనిక్‌లో ఉంటాను. మా పక్కింటి పెద్దాయన దగ్గర 1987 నాటి బీఎండబ్ల్యూ ఎం3 ఉంది. మొదటి తరం ఎం3 అది. ఆ తరం 3-సిరీస్ కార్లన్నిటికీ కంపెనీ పెట్టిన కోడ్ ఈ30. మోకాలి నొప్పితో ఆయన ఎక్కువసేపు క్లచ్ తొక్కలేరు. అందుకని ఇన్సూరెన్స్‌లో నా పేరు కూడా చేర్పించి, కొన్నేళ్లుగా నాచేత నడిపిస్తూ తను పక్కన కూర్చుంటున్నారు. కాబట్టి నేను చెప్పేదంతా ఈ ఒక్క కారు అనుభవమే.

ముందు ఇది ఎందుకు పుట్టిందో చెప్పాలి. 1980ల్లో గ్రూప్-ఏ రేసుల్లో, అంటే షోరూమ్‌లో అమ్మే కార్ల ఆధారంగా జరిగే రేసుల్లో, ఒక మోడల్‌ని దించాలంటే, వరుసగా 12 నెలల్లో అలాంటివి 5,000 తయారు చెయ్యాలని షరతు ఉండేది. రేసులో కావలసిన ముఖ్యమైన మార్పులు షోరూమ్‌లో అమ్మే కారుకే ఉండాలి. దాంతో మామూలు 3-సిరీస్‌ని తీసుకుని చాలావరకు మార్చేశారు. వెడల్పు టైర్లు పట్టేలా చక్రాల పైన రేకు ఉబ్బుగా వచ్చింది. వెనక రెక్కకు గాలి సరిగ్గా అందాలని వెనక అద్దం వాలు మార్చి, డిక్కీ మూత ఎత్తు పెంచారు. బయటి రేకుల్లో బానెట్, టాప్, డోర్లు తప్ప మిగతావన్నీ వేరు. మామూలు ఈ30కి చక్రానికి నాలుగు బోల్టులైతే దీనికి ఐదు.

ఇంజన్ బీఎండబ్ల్యూ ఇంజనీరు పాల్ రోషె నాయకత్వంలో తయారైంది. 2.3 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, సిలిండర్‌కొక త్రాటిల్ (గాలిని లోపలికి వదిలే మూత). టర్బో లేదు. 1983లో నెల్సన్ పికేని ఫార్ములా వన్ ఛాంపియన్‌ని చేసిన టర్బో ఇంజన్ బ్లాకూ, ఈ బ్లాకూ ఒకే కుటుంబం. ఎం3 మార్కెట్లోకి వచ్చిన కొద్ది కాలానికే, 1987లో, రాబర్టో రవాలియా దీనితో ప్రపంచ టూరింగ్ కార్ టైటిల్ గెలిచాడు. అదే ఏడాది బెర్నార్ బెగాన్ కోర్సికా ర్యాలీ కూడా దీనితోనే గెలిచాడు. సర్క్యూట్‌లోనూ, కొండదారి ర్యాలీలోనూ ఒకే మోడల్ నెగ్గడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక నడపడం. వేగం కోసమైతే ఈ కారు జోలికి రాకండి. దాదాపు 200 హార్స్‌పవర్, 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు 7 సెకన్లు. ఈ రోజుల్లో పిల్లల్ని స్కూల్లో దింపే ఎలక్ట్రిక్ కార్లలో చాలా వాటికి సిగ్నల్ దగ్గర ఇది అందుకోలేదు.

యూరప్ మోడల్‌లో గేర్లు కూడా మనం నేర్చుకున్నట్టు ఉండవు. ఫస్ట్ గేరు ఎడమవైపు కిందికి ఉంటుంది. మన చెయ్యి అలవాటుగా వెళ్లే చోట, అంటే ఎడమవైపు పైన, రివర్స్ ఉంటుంది. వెనక కారు ఆనుకుని నిలబడ్డప్పుడు కొత్తలో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. రేసులో ఫస్ట్ గేరుతో పని బయల్దేరేటప్పుడే. ఆ తర్వాత అంతా రెండు-మూడు, నాలుగు-ఐదు మధ్యే. అందుకే ఆ జతల్ని ముందుకీ వెనక్కీ ఒకే గీత మీద పెట్టారు. ఐదో గేరు కూడా హైవేలో ఇంజన్‌కి విశ్రాంతినిచ్చే గేరు కాదు. 130లో వెళ్తుంటే ఇంజన్ నిమిషానికి 3,700 చుట్ల (ఆర్పీఎం) పైనే తిరుగుతూ ఉంటుంది. మూడు గంటల ప్రయాణం చేస్తే చెవులు హోరెత్తుతాయి.

పెద్దాయన నాకు మొదట నేర్పింది ఒక ముల్లు చూడటం. మామూలు ఈ30ల్లో ఆర్పీఎం మీటరు అడుగున మైలేజీ చూపించే చిన్న ముల్లు ఉంటుంది. ఎం3లో ఆ స్థానంలో ఇంజన్ ఆయిల్ వేడి చూపించే ముల్లు పెట్టారు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల వేడి చూపించే ముల్లు త్వరగా మధ్యకు వచ్చేస్తుంది, దాన్ని నమ్మకూడదు. ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా 4,000 ఆర్పీఎం దాటకూడదన్నది ఆయన పెట్టిన నియమం. చలికాలం దగ్గరపడ్డాక దానికి ఊరు దాటి చాలా దూరం పోవాల్సి వస్తుంది. అంతసేపూ ఆగడమే ఈ కారు మీద గౌరవం అనిపిస్తుంది నాకు.

మేం ఎక్కువగా వెళ్లేది మ్యూనిక్‌కి దక్షిణాన ఉన్న కెసెల్‌బెర్గ్ ఘాట్ రోడ్డుకి. కోఖెల్ సరస్సు నుంచి వాల్షెన్ సరస్సుకి ఎక్కే దారి అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ కొండెక్కే కార్ల పందేలు జరిగేవి. ఇప్పుడు స్పీడ్ లిమిట్ ఉంది, మేం దాన్ని దాటం. అసలు దాటాల్సిన అవసరమే రాదు. రెండో గేరులో మలుపులోకి దిగుతుంటే బరువు బయటివైపు ముందు టైరు మీదికి చేరడం స్టీరింగ్‌లో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. రోడ్డు మీద అతుకు వేసిన చోట తారు మారితే అదీ తెలుస్తుంది. కారు బరువు 1,200 కిలోలే కాబట్టి ఎక్కడా తూలదు, లాగదు. మలుపు సగంలో యాక్సిలరేటర్ మీద కాలు పెంచితే, 4,500 దాకా గరుగ్గా ఉన్న ఇంజన్ గొంతు అక్కణ్నుంచి విచ్చుకుంటుంది. నాలుగు త్రాటిళ్లూ గాలి పీల్చే చప్పుడు బానెట్ కింద విడిగా వినిపిస్తుంది. ఇదంతా 60 లోపు వేగంలోనే. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే. రేసు కోసం చేసిన పని మామూలు వేగంలోనే బాగా తెలుస్తుంది. నేటి స్పోర్ట్స్ కార్లలో ఆ మాత్రం అనుభూతి కోసం లైసెన్సు పోయేంత వేగంగా వెళ్లాలి.

దాచిపెట్టడం గురించి కూడా నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నిలబెట్టిన కారు పాడవుతుంది. బ్రేక్ క్యాలిపర్లు పట్టేస్తాయి, పెట్రోల్ గొట్టాలు పెళుసెక్కుతాయి, సీళ్లు ఎండి ఆయిల్ కారుతుంది. గాటు నిండుగా ఉన్నా టైర్లు లోపల గట్టిపడిపోతాయి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి, ఏ ఏడాది ఏ వారంలో తయారైందో ఉంటుంది. గాజు గదిలో తళతళలాడే చాలా కార్లకు ఆ అంకెలు చూస్తే వాటిని ఎక్కాలంటే భయమేస్తుంది.

నడిపితే చాకిరీ తప్పదు. దీని వాల్వులకు గ్యాప్ దానంతట అదే సరిపోయే ఏర్పాటు లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక కవరు విప్పి, సందు కొలిచే పల్చని రేకులతో (ఫీలర్ గేజ్) 16 వాల్వులూ ఒక్కొక్కటే కొలిచి, తేడా ఉన్నచోట సన్నని బిళ్ల మార్చాలి. ఓపిక లేనివాళ్లకు ఇది కష్టం.

జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకు నిపుణులు పరీక్షించి నంబరు చివర ‘హెచ్’ అక్షరం ఇస్తారు. ఏడాదికి పన్ను 191 యూరోల చిల్లర. పొగ నియంత్రణ ఉన్న నగరాల్లోకి కూడా రానిస్తారు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని, రోజూ వాడటానికి వేరే కారు ఉండాలని షరతులు పెడుతుంటారు.

హైదరాబాద్‌కి తెచ్చుకోవచ్చా అని కూడా రాశారు. ఈ ఎం3ని కంపెనీ ఎడమ స్టీరింగ్‌తోనే తయారుచేసింది, ఇంగ్లండ్‌లో అమ్మినవి కూడా అంతే. ఇంత వయసున్న, ఎడమ స్టీరింగ్ కారును మామూలు దారిలో ఇండియాకి తెచ్చి రిజిస్టర్ చేయించడం కుదిరే పని కాదు. ఆ ఆశ పెట్టుకోకండి.

యూరప్‌లోనే ఉండి కొనే ఉద్దేశం ఉంటే ఛాసిస్ నంబరు ముందు చూడండి. అది డబ్ల్యూబీఎస్‌తో మొదలవ్వాలి, మామూలు బీఎండబ్ల్యూలకు డబ్ల్యూబీఏ ఉంటుంది. 500 మాత్రమే చేసిన 1988 ఎవల్యూషన్-2, 600 చేసిన 1990 స్పోర్ట్ ఎవల్యూషన్‌లకు ధర చాలా ఎక్కువ. నడపడానికైతే వాటి అవసరం లేదు, మామూలు ఎం3 చాలు. తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారు కన్నా, ఏటా కొంత తిరిగి, చేయించిన పనికి బిల్లులన్నీ ఉన్న కారు మేలు. వాల్వ్ గ్యాప్ చివరిసారి ఎప్పుడు చూశారో అడగండి. తేదీ వెంటనే చెప్పగలిగిన మనిషి దగ్గర కొనండి.