ఫ్యాన్లన్నీ హోరెత్తుతున్నాయా? ఫ్యాన్ ట్రే జోలికి వెళ్లకండి

సర్వర్ల ర్యాక్‌లోని 48 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌లో ఫ్యాన్లు ఎప్పుడు చూసినా ఫుల్ స్పీడులో ఉంటున్నాయి, టెంపరేచర్ వార్నింగ్ వచ్చి పోతోంది, ఫ్యాన్ ట్రే (ఫ్యాన్లు బిగించి ఉండే, విడిగా తీసి మార్చగల భాగం) మార్చమంటారా అని అడిగారు. మార్చకండి. కనీసం ఇప్పుడే వద్దు.

ఫ్యాన్ పాడైతే లక్షణాలు వేరుగా ఉంటాయి. ఒకదాని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) సున్నాకి పడిపోతుంది, లేదా పక్కవాటికంటే బాగా తగ్గుతుంది. మిగతావి ఆ లోటు పూడ్చడానికి వేగం పెంచుకుంటాయి. అన్నీ సమానంగా హోరెత్తుతున్నాయంటే అవి ఆరోగ్యంగా ఉన్నట్టే. వాటికి అందే గాలే వేడిగా ఉంది. ఇది చెబితే చాలామంది నమ్మరు. చప్పుడు ఎక్కడి నుంచి వస్తే తప్పు అక్కడే ఉందనుకుంటారు.

మా సర్వర్ హాల్లో ఈ గొడవ రాత్రిళ్లు మాత్రమే వచ్చేది. ఒంటిగంట దాటగానే అలారం, తెల్లారేసరికి అంతా మామూలే. హాల్లో డిస్‌ప్లే 22 డిగ్రీలు చూపిస్తోంది. ఏసీ వాళ్లను పిలిస్తే సెట్టింగ్ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించి వెళ్లిపోయారు. కొత్త ఫ్యాన్ ట్రే తెప్పించి పెట్టాం, ఆ రాత్రీ అదే అలారం. అసలు ఆ డిస్‌ప్లేను ఎందుకు నమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది గోడ దగ్గరి గాలిని కొలుస్తుంది. స్విచ్ పీల్చేది ర్యాక్‌లో గాలిని.

మూడో రాత్రి నేనే వెళ్లి కూర్చున్నాను. స్విచ్‌లో షో ఎన్విరాన్‌మెంట్ అనే కమాండ్ కొడితే పోర్టుల వైపు సెన్సర్ 41 డిగ్రీలు, రెండో చివర సెన్సర్ 48. గాలి చల్లగా ఉన్న చివర నుంచి లోపలికొచ్చి, వేడెక్కి రెండో చివర నుంచి బయటపడుతుంది. అంటే ఇది పోర్టుల వైపు నుంచే లాగుతోంది. కానీ సర్వర్లకు కేబుళ్లు దగ్గరవుతాయని ఈ స్విచ్‌ని పోర్టులు ర్యాక్ వెనక్కి, అంటే హాట్ ఐల్ (సర్వర్లు వేడిగాలి వదిలే నడవ) వైపు ఉండేలా బిగించాం. ర్యాక్ వెనక తలుపు తీసి, టిష్యూ కాగితాన్ని బొటనవేలంత వెడల్పున చింపి పోర్టుల ముందు వేలాడదీశాను. గాలికి నా ముఖం వైపు ఎగరాల్సిన కాగితం వెళ్లి పోర్టులకు అతుక్కుపోయింది. అదే సమయంలో కింది సర్వర్ల వేడిగాలి నా మోచేతికి కొడుతోంది. సర్వర్లు వదిలిన ఎంగిలి గాలినే మా స్విచ్ పీలుస్తోంది. ఒంటిగంటకు బ్యాకప్ మొదలై సర్వర్లు వేడెక్కగానే అలారం ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది.

పోర్టులు హాట్ ఐల్ వైపు ఉంటే, గాలిని పోర్టుల వైపు నుంచి బయటికి నెట్టే రకం ఫ్యాన్ మాడ్యూళ్లు కావాలి. పవర్ సప్లైలు కూడా అదే రకం ఉండాలి. ఇది చాలామంది మర్చిపోతారు. వాటిలోనూ ఫ్యాన్లుంటాయి, అవి ఎదురు తిరిగితే గాలి లోపలే కొట్టుకుంటుంది. మావాళ్లు డౌన్‌టైమ్ లేకుండా ఒక్కొక్కటే మార్చేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. స్విచ్ ఆపి అన్నీ ఒకేసారి మార్చాం. దాని లోతు సర్వర్లకంటే తక్కువ కాబట్టి గాలి పీల్చే చివర ర్యాక్ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని ముందు వైపు నుంచి చల్లగాలి అందేలా డక్ట్ పెట్టి, ర్యాక్‌లో ఖాళీగా ఉన్న అరలన్నిటికీ బ్లాంకింగ్ ప్యానెళ్లు, అంటే మూసేసే పలకలు బిగించాం. ఆ రాత్రి బ్యాకప్ నడుస్తుండగా లోపలికెళ్లే గాలి 25 డిగ్రీలు. ఫ్యాన్ల వేగం సగానికి పడిపోయింది. వేగం సగమైతే ఫ్యాన్ లాగే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు దిగుతుంది, అది వేరే లాభం.

కంపెనీల మీద నాకో ఫిర్యాదు ఉంది. సిస్కో కంపెనీ నెక్సస్ స్విచ్‌లలో ఫ్యాన్ మాడ్యూల్ మీద నీలం రంగుంటే గాలి పోర్టుల వైపు నుంచి బయటికి, ముదురు ఎరుపుంటే పోర్టుల వైపు నుంచి లోపలికి. బాగానే ఉంది. ఇంకో కంపెనీ పెట్టెకొస్తే రంగుల లెక్క వేరు, కొన్నిటి మీద రాతలే ఉంటాయి. 'ముందు' అంటే పోర్టులున్న వైపా, ర్యాక్ ముందు వైపా అన్నదాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. ఒక బాణం గుర్తు అందరూ ఒకేలా వేస్తే ఏం పోయింది? అందుకే నేను రంగుల్ని నమ్మను, కాగితాన్నే నమ్ముతాను.

చప్పుడు తట్టుకోలేక సైలెంట్ ఫ్యాన్లు వేసుకోమని కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. దయచేసి వినకండి. చప్పుడు తగ్గేది గాలి తగ్గడం వల్లే, ఆ వేడంతా చిప్ మీద పడుతుంది.

గాలి దిశ సరిగ్గానే ఉంటే దుమ్ము చూడండి. తర్వాత 10 గిగాబిట్ కాపర్ మాడ్యూళ్లు (రాగి కేబుల్ తగిలించడానికి పోర్టుల్లో గుచ్చేవి) పక్కపక్కనే గుచ్చారేమో చూడండి. ఒక్కోటి 2.5 వాట్ల దాకా తింటుంది, మామూలు ఆప్టికల్ (ఫైబర్) మాడ్యూల్‌కి ఒక వాట్ చాలు. వాటిని దూరం దూరంగా పెడితే తేడా తెలుస్తుంది.

ముందు రెండు చివరల సెన్సర్ రీడింగులు, ఒక్కో ఫ్యాన్ ఆర్‌పీఎం రాసిపెట్టుకోండి. స్విచ్ పోర్టులు ర్యాక్‌లో ఎటువైపున్నాయో, కాగితం ఎటు ఊగిందో కూడా కలిపి ఇక్కడ రాస్తే చూసి చెబుతాను.