చిన్న ఆన్‌లైన్ యూనివర్సిటీలో వాటా అమ్ముతామంటున్నారు, కొనొచ్చా?

మీరడిగింది ఇదీ: మీ బావగారికి తెలిసినవాళ్లు ఓ చిన్న ఆన్‌లైన్ యూనివర్సిటీ నడుపుతున్నారు, 40 శాతం వాటాకి 35 లక్షలు అడుగుతున్నారు, అసలది ఎవరిదో, అంత చేస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి అని.

నేను విజయనగరంలో గంట స్తంభం దగ్గర ఓ ఆడిటర్ గారి ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. బళ్లు, డిగ్రీ కాలేజీలు నడిపే సొసైటీల పుస్తకాలు చూడడమే నా పని. అయినా ఈ సంగతి నాకు వంటబట్టింది మాత్రం మా చిన మావయ్య వెనకాల తిరిగినప్పుడే.

ఆయనకి భోగాపురం వైపు భూమి అమ్మిన డబ్బు చేతికొచ్చింది. రిటైరైన లెక్చరరు, యూనివర్సిటీ అన్న మాట వింటేనే మెత్తబడిపోతాడు. ఇలాంటిదే ఓ ఆన్‌లైన్ యూనివర్సిటీలో వాటా కొంటే 'వైస్ చైర్మన్' అని విజిటింగ్ కార్డు కూడా కొట్టిస్తామన్నారట. యాభై వేలు టోకెన్ ఇచ్చేసి వచ్చాక నాకు చెప్పాడు.

ఇద్దరం రైలెక్కి వాళ్ల ఆఫీసుకి వెళ్లాం. జిమ్ పైన మూడో అంతస్తులో రెండు గదులు. గోడకి ఐఎస్ఓ సర్టిఫికెట్ ఫ్రేము. (అది ఆఫీసు పనితీరుకి ఇచ్చే కాగితం, డిగ్రీలిచ్చే హక్కుకీ దానికీ చుట్టరికం లేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీకీ ఇస్తారు.) నేను ముందు మినిట్స్ బుక్ అడిగాను. ఐదేళ్ల సమావేశాలు, అన్నీ ఒకే పెన్ను, ఒకే సిరా, ఒక్క కొట్టివేత లేదు. ఏటా జరిగే సమావేశాల పుస్తకం అంత శుభ్రంగా ఉండదు. తర్వాత సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వాళ్లు దాఖలు చేసిన కమిటీ జాబితాల సర్టిఫైడ్ కాపీలు తీయించాం. కోశాధికారి 2016లోనే చనిపోయినట్టు అందులో ఉంది. మినిట్స్‌లో మాత్రం ఆయన 2018 దాకా సంతకాలు పెడుతూనే ఉన్నారు. మావయ్య ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఏటల్లుడూ, పోయినోడు సంతకం పెట్టాడేటి?" అన్నాడు.

ఇక మీ '40 శాతం' సంగతి. ఇలాంటివి నడిపే సొసైటీకి గానీ ట్రస్టుకి గానీ వాటాలుండవు. సభ్యులుంటారు, ట్రస్టీలుంటారు, వాళ్లు లాభం పంచుకోకూడదు. అంటే మీరు కొనేది నాలుగైదు రాజీనామాలు, నాలుగైదు కొత్త పేర్లు. ఆ పేర్లని రేపు ఇంకో తీర్మానంతో తీసేయొచ్చు. పైగా 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు పార్లమెంటో, శాసనసభో చేసిన చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయానికి, డీమ్డ్ హోదా (విశ్వవిద్యాలయంతో సమానమని కేంద్రం ప్రకటించడం) ఉన్నవాటికి ఉంటుంది. పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు కొన్ని ఉన్నాయంతే. మిగతావాళ్లు పేరులో 'యూనివర్సిటీ' అని పెట్టుకోవడానికే వీల్లేదని 23వ సెక్షన్. అందుకే వాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న 'మీది ఏ చట్టం?' అన్నది. చట్టం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 చట్టం కింద వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి, సరైన భవనం కూడా లేనివి చాలా. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్లు కొట్టేసేసరికి అవన్నీ ఒక్క తీర్పుతో పోయాయి.

ఆన్‌లైన్ డిగ్రీకైతే యూజీసీ 2020 నిబంధనలు ఇంకా గట్టివి. నాక్‌లో (విద్యాసంస్థల నాణ్యత చూసి స్కోరిచ్చే సంస్థ) 4కి 3.01 స్కోరు, లేదా కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల జాబితాలో తొలి 100లో చోటు ఉండాలి. రెండు గదుల సంస్థకి అది ఎక్కడిది? "మాకు ఫలానా రాష్ట్రం యూనివర్సిటీతో ఒప్పందం ఉంది" అని మాకో స్టాంపు పేపరు చూపించారు. అది ఫ్రాంచైజీ, అంటే వేరేవాళ్ల పేరు మీద కోర్సులు నడపడం. ఆ నిబంధనలే ఫ్రాంచైజీ కుదరదంటున్నాయి.

అమెరికాలో ఇలాంటివి కోట్లకి అమ్ముడుపోతున్నాయని మీకూ చెప్పే ఉంటారు. అక్కడ లాభం కోసం నడిపే యూనివర్సిటీ చట్టబద్ధమే, కొనొచ్చు, అమ్మొచ్చు. 2005లో ఓ కంపెనీ అయోవా రాష్ట్రంలో మూడొందల మంది విద్యార్థులున్న చిన్న క్రైస్తవ కాలేజీని కొని యాష్‌ఫర్డ్ అని పేరు మార్చింది. దానికున్న గుర్తింపు (అక్రెడిటేషన్) కోసమే కొంది. తర్వాత ఆన్‌లైన్‌లో వేలకి వేలు చేరారు. అదే యాష్‌ఫర్డ్‌ని 2020లో యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా తరఫున తీసుకున్నప్పుడు ధర ఒక్క డాలరు. కాప్లాన్ అనే ఇంకో ఆన్‌లైన్ యూనివర్సిటీని పర్డ్యూ అనే ప్రభుత్వ యూనివర్సిటీ తీసుకున్నదీ ఒక్క డాలరుకే. అమ్మినవాళ్లే కాంట్రాక్టు మీద ఆ సంస్థని నడిపిపెడతారు, ఆ కాంట్రాక్టులో తమకి డబ్బు మిగలాలన్నది వాళ్ల లెక్క.

విలువ లెక్క దగ్గర అందరూ బోల్తా పడేది అడ్వాన్సు ఫీజుతో. మాకు చూపించిన రిజిస్టర్లో 860 పేర్లున్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని ఒక్కొక్క పేరూ కలుపుకుంటూ పోతే ఆ ఏడాది ఫీజు కట్టింది 131 మంది. వాళ్లలో రెండో ఏడాదికి మళ్లీ వచ్చినవాళ్లు 38. ఆ 131 మందీ మొత్తం కోర్సుకి ఫీజు ఒకేసారి కట్టేశారు, దాన్నంతా ఆదాయం కింద రాసేసుకున్నారు. అది అప్పండీ. పాఠం ఇంకా చెప్పలేదు, పరీక్ష ఇంకా పెట్టలేదు. కమిటీలోకి వెళ్లిన మర్నాడు నుంచి ఆ పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసేది మీకే.

ఇక మిగిలేవి చిల్లర సామాన్లు. డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) ఎవరి పేరున ఉందో చూడండి, మా దగ్గర అది వెబ్‌సైట్ తయారుచేసిన కుర్రాడి పేరున ఉంది, వాడికి ఇంకా డబ్బులివ్వలేదట. నోట్సు గంటల లెక్కన వచ్చే గెస్ట్ లెక్చరర్లు రాసి ఉంటే, రాతపూర్వకంగా హక్కులు బదిలీ చేయనిదే అవి వాళ్లవే.

అన్నీ కలిపి నేను వేసిన ధర మూడున్నర లక్షలు, అదీ డొమైన్ చేతికొస్తే. ఆ మాట చెప్పాక వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. మావయ్య టోకెన్ డబ్బులూ రాలేదు, ఎందుకంటే రసీదు సొసైటీ పేరున కాకుండా ఎవరో వ్యక్తి పేరున తెల్లకాగితం మీద ఉంది.

మీ బావగారు ఇప్పటికే ఏమైనా ఇచ్చేశారా? ఇచ్చి ఉంటే ఆ రసీదు ఎవరి పేరున ఉందో చూసి ఇక్కడ రాయండి, ముందు దాని సంగతి చూద్దాం.